పాప కునుకు 40 నిమిషాలే: ఏ పని ముందు, ఏ పని అసలు వద్దు?

పాలవెల్లి:
పాపకి ఐదు నెలలు నిండాయి. పగలు మూడు కునుకులు, ఒక్కోటి 35 నుంచి 45 నిమిషాలు. వచ్చే నెల ఉగ్గు మొదలు, ఆపై ఆఫీసు పని ఇంటి నుంచే. పాప పడుకున్నాక ఏ పని పట్టుకోవాలో తేల్చుకునేలోపే లేచి కూర్చుంటోంది. మిక్సీ వేస్తే లేస్తుంది, కుక్కర్ కూస్తే లేస్తుంది. "పాపతో పాటు నువ్వూ పడుకో" అన్న సలహా చాలాసార్లు విన్నాను. పనులు ఎలా సర్దుకోవాలో వివరంగా చెప్పగలరా?

గోదారిగట్టు:
ముందు ఆ 40 నిమిషాల సంగతి. ఈ వయసు పిల్లల నిద్ర ఒక చుట్టు సుమారు 40–50 నిమిషాలు. చుట్టు పూర్తయ్యే దగ్గర నిద్ర పలచబడుతుంది. అక్కడ మళ్లీ జారుకోవడం రాని పిల్లలు లేచేస్తారు. మీ పాపలో తేడా ఏమీ లేదు. చాలామందిలో ఆరో నెల దాటాక కునుకులు సాగుతాయి, ఆరు నుంచి తొమ్మిది నెలల మధ్య మూడో కునుకు రాలిపోయి రెండే మిగులుతాయి.

కాబట్టి ఇప్పుడు మీ చేతిలో ఉన్నది గంట కాదు, 30 నిమిషాలు. గంట అనుకుని పని మొదలుపెడితే రోజూ చిరాకే మిగులుతుంది.

పనుల్ని పెద్దవి, చిన్నవి అని కాకుండా ఇంకోలా విడదీయండి: మధ్యలో వదిలేస్తే చెడిపోయేవి, చెడిపోనివి. బట్టలు మడతపెట్టడం, కూరలు తరగడం, పప్పు ఏరడం, కరెంటు బిల్లు కట్టడం ఎక్కడ ఆపినా నష్టం లేదు. పోపు వేయడం, పాలు కాచడం, అప్పడాలు వేయించడం, జుట్టుకు రంగు వేసుకోవడం మధ్యలో ఆపలేం. కునుకులో మొదటి రకమే పెట్టుకోండి. రెండో రకం ఇంకొకరు ఇంట్లో ఉన్నప్పుడు. నూనె బాణలి పొయ్యి మీద ఉండగా పాప ఏడిస్తే కాళ్లు అటు పరిగెడతాయి, మంట ఆర్పడం మర్చిపోతాం. ప్రమాదాలు జరిగేది సరిగ్గా అక్కడే.

ఏ కునుకులో ఏ పనో పాప మెలకువగా ఉన్నప్పుడే తేల్చేసి ఫ్రిజ్ మీద కాగితం అంటించండి. నిద్రపోయాక ఆలోచించడం మొదలుపెడితే మొదటి పది నిమిషాలు ఫోన్ తినేస్తుంది.

ఓరుగల్లు_పిల్ల:
వంటింటి చప్పుడు గురించి చెప్త. కుక్కర్ కూత బంద్ చెయ్యొచ్చు అక్కా. కందిపప్పు ముందుగాల అరగంట నానబెట్టుర్రి. ఒక కప్పు పప్పుకు రెండున్నర కప్పుల నీళ్లు. స్టవ్ పెద్ద మంట మీద పెట్టి, వెయిట్ సుయ్యిమని కదలడం మొదలైనప్పుడు, పూర్తిగా కూత వేసేలోపే మంట అడుగుకు తగ్గించాలె. ఆ సన్న మంట మీద 10 నుంచి 12 నిమిషాలు. ఆవిరి మెల్లగ పోతుంటది, కూత రాదు. దించినంక వెయిట్ లేపొద్దు, ఆవిరి దానంతట అదే దిగాలె. చాలామంది మంట తగ్గించకుండ మూడు కూతలు లెక్కపెడతరు, అందుకే లొల్లి.

మిక్సీని మాత్రం ఏం చేసినా చప్పుడు పూర్తిగ ఆపలేం. కింద మందం తువ్వాల నాలుగు మడతలు వేసి పెడితే గట్టు అదరడం తగ్గుతది, మోత పోదు. అది పాప లేచి ఉన్నప్పటి పని. కొబ్బరి, అల్లం వెల్లుల్లి, చట్నీ పొడులు ఒక్కసారే పట్టి డబ్బాలకెత్తుర్రి. కునుకు టైంల పప్పు నానెయ్యుడు, చింతపండు నానెయ్యుడు, ఉల్లిగడ్డ తరుగుడు. స్టీలు గిన్నెలు తోముడు గూడ ఆగాలె, అవి సింకుల పడితే మిక్సీ కన్న ఘోరం.

అమలాపురం_అత్త:
ఇంత భయపడతారేంటమ్మా. చప్పుడులో పడుకోవడం అలవాటు చేస్తే ఏ గోలా ఉండదు. మేం రోలు తిప్పుతూనే పిల్లల్ని పెంచాం. తల గుండ్రంగా రావడానికి ఆవాల దిండు పెట్టి, చీర ఉయ్యాలలో వేస్తే రెండు గంటలు కదలరు. పనంతా అయిపోతుంది.

రాత్రిడ్యూటీ:
చప్పుడు అలవాటు గురించి అత్తయ్యగారు చెప్పింది సగం నిజం. ఫ్యాను హోరు, వీధిలో మాటలు, దూరంగా టీవీ లాంటి ఒకే తీరు చప్పుళ్లకు పిల్లలు అలవాటుపడతారు. ఉన్నట్టుండి వచ్చే కూత, బెల్లు, గిన్నె పడిన శబ్దం అలా కాదు. హోరు శబ్దం యాప్ పెట్టేవాళ్లు ఫోన్‌ని పాప తల దగ్గర పెట్టకండి. రెండు మీటర్ల దూరంలో, 50 డెసిబెల్స్ మించకుండా ఉండాలి. దాని మీదుగా మామూలు గొంతుతో మాట్లాడితే వినిపించాలి.

ఆవాల దిండు, చీర ఉయ్యాల విషయంలో మాత్రం ఒప్పుకోలేను. ఏడాది లోపు పిల్లలకు ఏ దిండూ వద్దు. వెల్లకిలా, గట్టిగా చదునుగా ఉన్న పరుపు మీద, పక్కన బొమ్మలూ బొంతలూ లేకుండా పడుకోబెట్టాలి. చీర ఉయ్యాలలో వీపు వంగి గడ్డం ఛాతీకి ఆనుతుంది. చిన్న పిల్లల గాలి గొట్టం మెత్తగా ఉంటుంది కాబట్టి ఆ వంపులో ఊపిరి అందకపోవచ్చు, పైగా చప్పుడేమీ రాదు. పక్కనే కూర్చుని ఊపుతున్నంతసేపు వేరు సంగతి. దాన్లో వేసి వంటింట్లోకి వెళ్లడానికి అది పనికిరాదు. తల చదునుకి మందు, లేచి ఉన్నప్పుడు మన కళ్ల ముందు బోర్లా పడుకోబెట్టడం, పడుకోబెట్టేటప్పుడు తల వైపు రోజూ మార్చడం.

మంచం మధ్యలో వేసి చుట్టూ దిండ్లు పేర్చడం ఇంకో అలవాటు. ఐదో నెలలో బోర్లా పడే పిల్లలకి ఆ దిండే ముఖానికి అడ్డం, లేదంటే మంచం మీంచి కింద పడతారు. పలచటి గట్టి పరుపు నేల మీద, గోడకు దూరంగా వేసి, దోమతెర బిగుతుగా పెట్టండి. మీరు ఇంకో గదిలో పని చేసుకునే సమయంలో అది చాలా నయం.

తల్లి నిద్ర గురించి కూడా ఒక మాట. మూడు కునుకుల్లో ఒకటి మీ నిద్రకే రాసిపెట్టండి. 25 నిమిషాలకి అలారం పెట్టుకుని పడుకుంటే లేచాక తల బరువు ఉండదు. గంట దగ్గర లేస్తే ఎక్కువమందికి మత్తు వదలదు. నిద్ర రాకపోయినా గది చీకటి చేసి కళ్లు మూసుకుని ఉండండి. పాప పడుకున్నా మీకు రెండు వారాలుగా నిద్ర పట్టకపోవడం, ఏడుపు ఆగకపోవడం, పాప మీద ఏ భావమూ లేకపోవడం ఉంటే అది బద్ధకం కాదు, డాక్టరుకి చెప్పాల్సిన విషయం. ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సాయం టెలీ మానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు.

పాలవెల్లి:
ఆవాల దిండు ఇవాళే తీసేస్తాను. చేతుల్లో నిద్రపోయి పరుపు మీద పెట్టగానే లేవడం గురించి ఎవరైనా చెప్పండి. అక్కడే సగం కునుకు పోతోంది.

గోదారిగట్టు:
కళ్లు మూసుకోగానే దింపుతున్నట్టున్నారు. మొదటి పది, పదిహేను నిమిషాలు పల్చటి నిద్ర. చెయ్యి కొద్దిగా ఎత్తి వదలండి. అది బట్టలా వాలిపోతే దింపొచ్చు, ఏ కాస్త బిగుసుకున్నా ఆగాలి. దింపేటప్పుడు ముందు పాదాలు, తర్వాత పిరుదులు, వీపు, ఆఖరున తల. తల ముందు దిగితే పడిపోతున్నట్టు ఉలిక్కిపడతారు. దింపాక అరచెయ్యి రొమ్ము మీద ఒక నిమిషం ఉంచి, బరువు కొద్దికొద్దిగా తగ్గించి తీయండి. డిసెంబరులో పరుపు చల్లగా తగులుతుంది. ముందు ఒక నిమిషం మీ చేత్తో రుద్ది వెచ్చబెట్టండి, వేడి నీళ్ల సంచీ అక్కడ వదిలేయకండి.

నిద్రలో మూలగడం, ముఖం చిట్లించడం, కాళ్లు కొట్టుకోవడం లేచినట్టు కాదు. గబుక్కున ఎత్తేస్తే మనమే లేపినవాళ్లమవుతాం. రెండు నిమిషాలు చూడండి. 35వ నిమిషానికి పక్కన ఉండి, కదలగానే పిరుదుల మీద నెమ్మదిగా తడితే కొందరు రెండో చుట్టులోకి వెళ్తారు. రోజంతా అలా కాపు కాయొద్దు, ఒక్క మధ్యాహ్నం కునుకుకే చేయండి.

ఇంకొకటి, పడుకోబెట్టే వేళ. ఐదు నెలల పాప ఒక్కసారికి రెండు, రెండున్నర గంటలు మెలకువగా ఉండగలదు. అది దాటి ఆవలింతలు, చెవి లాక్కోవడం, ముఖం తిప్పేసుకోవడం వచ్చాక పడుకోబెడితే అలసట మీద కునుకు ఇంకా చిన్నదవుతుంది. ఎక్కువ ఇళ్లలో తలస్నానం తర్వాత వచ్చే కునుకే అన్నిట్లోకి పొడవు. పెద్ద పని ఏదైనా దానికి కేటాయించండి. స్నానం తర్వాత సాంబ్రాణి పొగ పట్టించే అలవాటుంటే మానేయండి, ఆ పొగ పసి ఊపిరితిత్తులకి మంచిది కాదు.

సున్నుండ:
ఉగ్గు పిండి అంతా ఒక్క రోజులో చేసేద్దామంటే కుదరదు. నాలుగు విడతల పనిగా విడదీస్తే హాయి. మొదటిసారికి బియ్యం, పెసరపప్పు చాలు: బియ్యం ఒకటిన్నర కప్పు, పొట్టు తీసిన పెసరపప్పు అర కప్పు. కందిపప్పు, మినప్పప్పు తర్వాత, ఒక్కోటి మూడు రోజుల తేడాతో వేరుగా పెట్టి చూశాక కలపండి. అన్నీ ఒకేసారి కలిపితే ఒంటి మీద దద్దుర్లు వచ్చినప్పుడు ఏది పడలేదో తెలీదు.

మొదటి కునుకు: రెండిటినీ విడివిడిగా నాలుగైదు నీళ్లలో కడిగి, వడకట్టి, పాత నూలు బట్ట మీద పలచగా పరిచి ఫ్యాను కింద పెట్టడం. పది నిమిషాల పని. నీళ్లలో నానబెట్టొద్దు, కడగడమే. బట్ట మీద కుప్పగా పోస్తే అడుగు తడి మిగిలి, వేయించేటప్పుడు పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది.

రెండో కునుకు (ఆరిన తర్వాత, సాధారణంగా నాలుగైదు గంటలు): వేయించడం. అడుగు మందం మూకుడు, సన్న మంట, నూనె లేదు. బియ్యం 8–10 నిమిషాలు, కాస్త ఉబ్బి, పంటి కింద కరకరమనాలి. పెసరపప్పు వేరే 6–7 నిమిషాలు, వాసన వచ్చి రంగు లేతగా తిరిగితే దించేయండి. గోధుమ రంగు వస్తే చేదు. గింజ సైజు వేరు కాబట్టి రెండూ కలిపి వేయించొద్దు. పాప లేస్తే స్టవ్ కట్టేసి వెళ్లిపోవచ్చు, మళ్లీ వెలిగించుకోవచ్చు. ఇక్కడ నూనె లేకపోవడం వల్లే గోదారిగట్టు గారి లెక్కకి ఇది సరిపోతుంది. స్టవ్ కట్టేశాక మూకుట్లో గింజలు మాత్రం వదలకండి, పళ్లెంలో పోయండి. మూకుడు వేడికి మాడిపోతాయి.

మూడోది: పాప లేచి ఉన్నప్పుడు మిక్సీ. పూర్తిగా చల్లారాకే. గోరువెచ్చగా ఉండగా పట్టి డబ్బాలో పోస్తే ఆవిరి మూతకి పట్టి పది రోజుల్లో బూజు. మొదట్లో మెత్తగా, జల్లెడ పట్టండి. ఎనిమిదో నెలకి రవ్వలా.

నాలుగోది, మళ్లీ కునుకులో: డబ్బా కడిగి, ఎండబెట్టి, పోసి, తేదీ రాసి ఫ్రిజ్‌లో. నెలలోపు వాడేయండి. ఇంకా ఉంటే ఆ పొడి కంపు కొడుతుంది.

వండేటప్పుడు రెండు పెద్ద చెంచాల పొడిని పావు కప్పు చల్లని నీళ్లలో ఉండల్లేకుండా కలిపి, ముప్పావు కప్పు మరుగుతున్న నీళ్లలో పోస్తూ కలియబెట్టండి. సన్న మంట మీద ఎనిమిది నిమిషాలు. నేరుగా వేడి నీళ్లలో పొడి చల్లితే ఉండలు ఖాయం, లోపల పచ్చి పిండి. గరిటె వంచితే జారిపోకుండా నిలిచేంత గట్టిగా ఉండాలి. పాల మాదిరి పలచగా పోస్తే కడుపు నిండుతుంది, బలం అందదు. దించాక అర చెంచా నెయ్యి. ఉప్పు, పంచదార, బెల్లం ఏవీ వద్దు. తేనె అయితే ఏడాది దాటే వరకూ నాలుక మీద కూడా రాయొద్దు, బోటులిజం (తేనెలో ఉండగల సూక్ష్మజీవి వల్ల పసివాళ్లకి వచ్చే విష జబ్బు) ప్రమాదం. మొదటి రోజు రెండు మూడు చెంచాలు. తర్వాత 6–8 నెలల మధ్య రోజుకి రెండు మూడు సార్లు. వండినది రెండు గంటలు దాటితే పారేయండి.

కీబోర్డ్_నాన్న:
ఆఫీసు పని సంగతి. కునుకు వేళలో మీటింగ్ పెట్టుకోవడం అన్నిటికంటే పెద్ద తప్పు, కునుకు గడియారం చూసి మొదలవదు. కునుకులో చేయాల్సినవి ఒంటరి పనులు: రాయడం, కోడు చూడడం, లెక్కలు సరిచూడడం. మెయిళ్లు, చాట్ జవాబులు పాప బోర్లా ఆడుకుంటున్నప్పుడు ఒంటి చేత్తో అవుతాయి, వాటి మీద కునుకు ఖర్చు చేయకండి. కునుకు ముగిసే ముందు, ఫైలు పైనే తర్వాత ఏం చేయాలో ఒక్క వాక్యం రాసి ఆపండి. లేకపోతే తిరిగి కూర్చున్నాక ఎక్కడున్నామో గుర్తు తెచ్చుకోవడానికే కొత్త కునుకులో పావుగంట పోతుంది.

నాన్నలకి: ఉదయం కునుకు ఒకరిది, మధ్యాహ్నం కునుకు ఇంకొకరిది అని పంచుకుంటే ఇద్దరి క్యాలెండర్లలోనూ ఆ వేళ మూసేయాలి. ఒకరి క్యాలెండర్ తెరిచి ఉంటే మీటింగు అక్కడే వచ్చి పడుతుంది.

హక్కుల సంగతి కూడా చూసుకోండి. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాల జీతంతో కూడిన సెలవు వచ్చింది. 50 మంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట పిల్లల్ని చూసే వసతి, రోజుకి నాలుగుసార్లు వెళ్లి చూసే వీలు ఉండాలి. బిడ్డకి 15 నెలలు వచ్చే వరకు పాలిచ్చే విరామాలు రెండు. సెలవు తర్వాత ఇంటి నుంచి పని అనేది యజమానితో ఒప్పందం మీద ఆధారపడుతుంది కాబట్టి మాట మీద వదలకుండా మెయిల్‌లో రాయించుకోండి.

రాత్రిడ్యూటీ:
పాలు తీసి దాచుకునేవాళ్లకి ఉదయం మొదటి కునుకు మంచిది. ఎక్కువమందికి అప్పుడే పాలు ఎక్కువ. పాప తాగాక అరగంట, గంట తేడాతో తీయండి. చేతులు సబ్బుతో 20 సెకన్లు, గాజు లేదా స్టీలు గిన్నె ఉడికించి ఆరబెట్టినది. ఒక్కో సీసాలో 60 మిల్లీలీటర్లే పోయండి, తాగగా మిగిలింది రెండు గంటలు దాటితే పారబోయాల్సిందే కాబట్టి.

25 డిగ్రీల లోపు గదిలో నాలుగు గంటలు ఆగుతాయి అంటారు. మే నెలలో విజయవాడ గది అలా ఉండదు కదా, తీసిన వెంటనే ఫ్రిజ్‌లో, తలుపు అరలో కాకుండా లోపలి వెనక భాగంలో పెట్టండి. అక్కడ నాలుగు రోజుల వరకు. కరెంటు పోతే ఫ్రిజ్ తెరవకండి. వెచ్చబెట్టడానికి పొయ్యి, మైక్రోవేవ్ వద్దు, గోరువెచ్చని నీళ్ల గిన్నెలో సీసా పెట్టండి. వెన్న పైకి తేలితే పాడైనట్టు కాదు, మెల్లగా తిప్పితే కలుస్తుంది.

ఐరన్ మాత్ర కూడా ఓ కునుకు పని చేసుకోండి. ప్రసవం తర్వాత 180 రోజులు అని ప్రభుత్వ కార్యక్రమంలో ఉంది. కాల్షియం మాత్రతో కలిపి వేసుకుంటే ఐరన్ సరిగా ఒంటబట్టదు, రెండు గంటల తేడా ఉండాలి. టీ, కాఫీ తర్వాత కూడా వద్దు.

డాలస్_మావయ్య:
ఇక్కడ సాయానికి ఎవరూ లేని ఇళ్లలో ఎక్కువగా కనిపించేది కారు సీటు కునుకు. కారులో నిద్రపోయిన పాపని సీటుతో సహా తెచ్చి హాల్లో పెట్టి పనులు చేసుకుంటారు. చీర ఉయ్యాలకి చెప్పిన గడ్డం సంగతే దీనికీ వర్తిస్తుంది. కారు ఆగగానే తీసి చదునైన పడక మీద వేయాలి, లేస్తే లేవనీ.

పాలవెల్లి:
సున్నుండ గారూ, ఇప్పుడు వానలు. బియ్యం ఫ్యాను కింద ఆరడం లేదు, రాత్రికి కూడా చేతికి చెమ్మగానే తగులుతున్నాయి. రాగుల మొలకల పిండి కూడా ఇలాగే చేయొచ్చా?

సున్నుండ:
వానాకాలంలో కడిగాక పొడి తువ్వాలలో మూటకట్టి ఐదు నిమిషాలు ఒత్తి నీరు తీసేయండి, ఆ తర్వాతే పరచండి. ఇంకా చెమ్మగా ఉంటే మూకుట్లో సన్న సెగ మీద మొదటి ఐదు నిమిషాలు ఆరబెట్టడానికే అనుకుని కలుపుతూ ఉండండి, వేయించే లెక్క ఆ తర్వాత మొదలు. రాత్రంతా చెమ్మగా ఉండి పులుపు వాసన వస్తే వాడకండి.

రాగులు ఈ తడి రోజుల్లో చేయకపోవడమే మేలు. పద్ధతి మాత్రం ఇది: రాత్రి 8–10 గంటలు నానబెట్టి, వడకట్టి, తడి బట్టలో 24 నుంచి 36 గంటలు. బట్ట ఆరితే నీళ్లు చిలకరించాలి, కారేంత తడి ఉండకూడదు. మొలక బియ్యపు గింజలో సగం ఉంటే చాలు. నీడలో పూర్తిగా ఆర్చి, కొద్దిగా వేయించి, అరచేతుల మధ్య నలిపి మొలక రాల్చి, చెరిగి, మిక్సీ పట్టి సన్న జల్లెడ. మొలకెత్తిన పిండి జావ తక్కువ నీళ్లలోనే పలచగా వస్తుంది, అందుకే పాప కొంచెం తాగినా ఎక్కువ పిండి లోపలికి పోతుంది. అయితే నల్లటి చుక్కలు, దారాల్లాంటి తెల్ల బూజు కనిపిస్తే మూట మొత్తం పారేయాలి, కడిగితే పోదు. మొలక వేరు చివర సన్నటి తెల్ల నూగు ఉంటుంది, దాన్ని బూజు అనుకోకండి. అది గింజని అంటిపెట్టుకుని ఒక్కచోటే ఉంటుంది. బూజు గింజ నుంచి గింజకి పాకుతుంది.

ఓరుగల్లు_పిల్ల:
ఒకటి మర్చిపోయిన్రు అందరు, కాలింగ్ బెల్. బ్యాటరీ బెల్ అయితే బ్యాటరీ తీసెయ్యుర్రి. కరెంటుదైతే లోపల స్విచ్ ఉందో చూడుర్రి, లేకుంటే ఎలక్ట్రీషియన్‌తో పెట్టించుర్రి. తలుపు మీద "పాప పడుకుంది, ఫోన్ చేయండి" అని అట్ట. డెలివరీ యాప్‌ల బెల్ కొట్టొద్దని రాసే గడి ఉంటది, ఒకసారి నింపితే చాలు. గ్యాస్ బండ అతనికి మాత్రం అట్ట కానరాదు, బండ బుక్ చేసిన రోజు కునుకు మీద ఆశ పెట్టుకోకుర్రి.

కీబోర్డ్_నాన్న:
అట్టతో పాటు ఇన్వర్టర్ కూడా చూసుకోండి. పాప గది ఫ్యాను ఇన్వర్టర్ లైన్ మీద ఉందో లేదో మెయిన్ స్విచ్ దించి ఒకసారి పరీక్షించండి. చాలా ఫ్లాట్లలో హాలు ఫ్యాను, లైట్లే ఆ లైన్‌కి కలిపి పడకగదిని వదిలేస్తారు. కరెంటు పోగానే ఫ్యాను ఆగి, ఆ నిశ్శబ్దానికీ చెమటకీ పాప లేస్తుంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే మార్చే పని ఎక్కువసేపు పట్టదు గానీ, డ్రిల్లు ఉంటుంది కాబట్టి పాప మెలకువగా ఉండే వేళకి రమ్మనండి.

పాలవెల్లి:
పరీక్షించాను. పడకగది ఫ్యాను లైన్ మీద లేదు. పిలిపిస్తున్నాను.